ఇంకో పది బస్తాలు

“ఇంకో పది బస్తలు ఎక్కియ్!”

ఆగయ్య కేకకు మెట్ల మీద ఉన్న హమాలీ పెంటయ్య గతుక్కుమన్నాడు. అప్పటికే పై గదిలో అరవై ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. రూలు అడిగేదే అరవై.

“అవసరం లేదయ్యా, చాలు,” అన్నాడు ఇంజనీరు రామలింగం. కింది గదిలో నిలబడి, దూలం వంగితే తెలిసేలా నడి దూలం పొడవునా లాగి కట్టిన దారాన్ని చూస్తున్నాడు.

“మీకు చాలు సార్. నాకు చాలదు.”

పెంటయ్య గొణుక్కుంటూ ఇంకో బస్తా వీపుకెత్తుకున్నాడు.

ఆగయ్యది వడ్రంగం. ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో ఆ ఇల్లు వాళ్ళ నాయన కట్టింది. కింద సంసారం, పైన కార్ఖానా. ఆ పై గదికే మూడు నెలల కిందట నోటీసు వచ్చింది. కొత్త నిబంధనల ప్రకారం కర్ర దూలాల మీద మేడ ఉండకూడదు. సిమెంటు దూలాలన్నా వేయాలి, గది అయినా కూల్చాలి. గది పోతే ఆగయ్యకు రంపం ఆడించడానికి జానెడు చోటు లేదు. ఇరవై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నది ఆ గదే.

నోటీసు పట్టుకుని అదే రోజు మున్సిపల్ ఆఫీసుకు పోయి లొల్లి చేశాడు.

“మీ రూలు పుట్టి ఆర్నెల్లు గాలే. మా టేకు దూలాలకు నలభై ఏండ్లు. అచ్చి బరువు పెట్టి చూడున్రి. ఇరిగితే నేనే కూలగొడ్త.”

రామలింగం చెడ్డవాడేం కాదు. పుస్తకం మనిషి.

“కర్రను పరీక్షించమని మా పుస్తకంలో లేదయ్యా. సిమెంటు దూలాలకైతే పరీక్ష ఉంది. అవి వేసి కబురు పెట్టు, వస్తాను.”

“చూడనే చూడకుంట పనికిరాదంటరేంది సార్?”

బల్ల గుద్ది మరీ అడిగాడు. జవాను రెక్క పట్టుకుని బయటికి పంపాడు.

వారం రోజులు ఆ మంట చల్లారలేదు. అన్నం ముందు కూర్చున్నా అదే మాట. ఎనిమిదో రోజు పొద్దున్నే వెళ్ళి సిమెంటు పర్మిట్ కోసం లైన్లో నిలబడ్డాడు. సందంతా నోరెళ్ళబెట్టింది. ఇసుక వచ్చింది. ఇనుప జాలి చుట్ట వచ్చింది. గుమ్మానికి గోనెపట్టాలు పరదాగా కట్టి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా నెలన్నర పని చేశాడు. పరదా తీసేసరికి మూడు దూలాలూ బూడిదరంగులో నున్నగా ఉన్నాయి.

“వడ్లాయనే కర్రను ఇడిసిపెట్టె. ఇగ మనదేముంది?” అన్నారు పక్కింటివాళ్ళు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని నవ్వుకున్నారు. అంత నోరున్న ఆగయ్య ఊరుకోవడమే అందరికీ వింతగా ఉంది.

డెబ్బయ్యో బస్తా పైకి చేరింది. దారం దగ్గర పెద్ద తేడా లేదు.

“రేపు ఈ వేళ దాకా బరువు అలాగే ఉండాలి. అప్పటిదాకా కింద ఎవరూ ఉండొద్దు,” అన్నాడు రామలింగం.

ఆగయ్య నులక మంచం ఈడ్చుకొచ్చి సరిగ్గా నడి దూలం కింద వేశాడు.

“నీకేమన్నా పిచ్చా?”

“దూలం మీద నమ్మకమున్న వడ్లోడు దాని కిందనే పంటడు సార్. మీ రూలు మీకున్నది, మా కాయిదా మాకున్నది.”

“ఇది సిమెంటయ్యా. నీ వడ్రంగం కాయిదాలు దీనికెందుకు?”

“దూలం దూలమే సార్.”

ఆగయ్య భార్య నీలమ్మ కూడా కదల్లేదు. పొయ్యి ఎక్కడుందో అక్కడే కూర్చుని జొన్నరొట్టెలు కొట్టింది.

మరునాడు రామలింగం వచ్చేసరికి ఆగయ్య అదే మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇంజనీరు స్టూలెక్కి దారం దగ్గర స్కేలు పెట్టాడు. దూలం పెసరగింజంత కూడా దిగలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. అంతే. తాళంచెవితో దూలాన్ని గీకాడు. బూడిదరంగు పొడి రాలింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

“చూశావా ఆగయ్యా! అదీ సిమెంటంటే. కర్ర అయితే నిన్ననే విల్లులా వంగేది. నీ ప్రాణం కూడా దక్కేది కాదు.”

“గంత గట్టిగున్నయా సార్?”

“ఇంకో నలభై ఏళ్ళు ఫికర్ లేదు.”

“గదే రాసియ్యున్రి. గీ దూలాలకు ఫికర్ లేదని. సంతకం గావాలె, ముద్ర గావాలె.”

రామలింగం అక్కడికక్కడే రాసిచ్చాడు. ఆగయ్య కాగితాన్ని, బస్తాలు దింపడానికి వచ్చిన పెంటయ్యతో రెండుసార్లు చదివించుకుని గానీ మడత పెట్టలేదు.

గుమ్మం దాటుతూ ఇంజనీరు ఆగాడు.

“ఇంతకీ ఆ పాత టేకంతా ఏం చేశావు? అమ్మేశావా?”

“అమ్ముడా?” ఆగయ్య గొంతు లేచింది. “పాణం పోయినా అమ్మ. ఇంట్లనే ఉన్నది సార్.”

మొండిఘటం అనుకుంటూ రామలింగం స్కూటర్ ఎక్కాడు. పెంటయ్య ఆఖరి బస్తా దింపి కూలి తీసుకుని వెళ్ళిపోయాడు.

నీలమ్మ తలుపు గడియ పెట్టి, ఉలి, సుత్తె తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

“ఇగనన్న ఆ సిమెంటు పూత గొట్టెయ్యయ్యా, పాపం లోపట టేకు దూలాలకు ఊపిరాడ్తలేదు.”