తుఫానుకు పేరు పెట్టే వంతు

తుఫానులు నెలకు రెండేసి రావడంతో వాటికి పెట్టే పేర్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు తీరం వెంట ఇంటికొక వంతు. చాలామంది గిట్టనివాళ్ళ పేర్లే ఇస్తారు. ఈసారి వంతు గురువులు, కొర్లమ్మ దంపతులది.

పేరడగడానికి వచ్చిన ఆఫీసు అమ్మాయి గుమ్మంలో నిలబడింది. కొర్లమ్మ బియ్యం డ్రమ్ము మూత బిగిస్తూనే, "నీలవేణి అని రాసుకో తల్లీ," అంది.

ఇంటికప్పుకు వలతాడు కడుతున్న గురువులు చేతులు ఆగిపోయాయి. నీలవేణి వాళ్ళ కూతురు. మూడేళ్ళ కిందట ఉప్పెనలో కొట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదు.

"పిల్లని ఊరంతా తిట్టుకుంటాదే," అన్నాడు.

"తిట్టుకోనీ. మనం తప్ప ఆ పేరు ఇంకెవులు పిలుస్తన్నారు?"

సాయంత్రం తలుపుకు తాళం వేసి, తాడుతో బిగించి, ఇద్దరూ షెల్టరు బస్సెక్కారు. అందరికీ అలవాటైన ప్రయాణమే. బస్సు వీధి చివరికి రాగానే డ్రైవరు రేడియో పెట్టాడు.

"నీలవేణి తెల్లవారేసరికి తీరం చేరుతుంది."

కొర్లమ్మ లేచింది. "ఒక్క నిమిషం ఆపు బాబూ," అంటూ బస్సు దిగి ఇంటికి నడిచింది. తాడు విప్పి, తాళం తీసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.