వెళ్ళొస్తాను

ఆ రోజుల్లో కొలువు చేసే ప్రతివాడి చెవిలోనూ వేరుశనగ గింజంత గురువు ఉండేవాడు. మనిషిని బాగుచేయడమే ఆయన పని. ఆవలిస్తే పాఠం, తుమ్మితే పాఠం. నోరుజారిన ప్రతి మాటా ఒప్పందమే.

ఆ పాఠాలకు పిచ్చెక్కి, అప్పలకొండ రెండుసార్లు రాజీనామా చేశాడు. రెండుసార్లూ గేటు దగ్గర అలవాటుగా “వెళ్ళొస్తాను” అన్నాడు.

“శభాష్! తిరిగొస్తానని మాటిచ్చారు. రాజీనామా రద్దు” అన్నాడు గురువు.

మూడోసారి పెళ్ళాం రవణమ్మ ఏడ్చింది. “నీకు దణ్ణం పెడతా మావా, ఈసారన్నా నోరు కుట్టేసుకో!”

అప్పలకొండ పళ్ళు బిగబట్టి గేటు దాకా వచ్చాడు. ఇంకొక్క అడుగేస్తే రోడ్డు. కాపలా ముసలమ్మ పైడమ్మ నొచ్చుకుంది.

“చెప్పకుండానే పోతన్నావా నాయనా? సరే, వెళ్ళిరా!”

“అలాగేనమ్మా” అన్నాడు అప్పలకొండ.

“శభాష్!” అన్నాడు గురువు.