నాయక్ కోసం వేసిన కుర్చీ

వంటగది ముందున్న నీళ్ల కుండ మూత తీసి, ఒక ముసలామె లోపలికి తొంగి చూస్తోంది.

"ఏయ్, ఎవరది?" అని మధుకర్ వరండాలోంచి కేకేశాడు.

ఆమె ఉలిక్కిపడలేదు. అద్దాల రవిక, భుజాల దాకా తెల్ల గాజులు, నెత్తిన పాత కొంగు. ఆ రోజు మానుకోటలో అంగడి. విస్తరాకులు అమ్ముకోను వచ్చిన లంబాడామె మంచినీళ్ల దూపకు ఇటు మళ్లి ఉంటుందనుకున్నాడు.

"ఈ నీళ్లు యాడికెళ్లి తెస్తరు సారూ?"

"బాయికెళ్లి. తాగి పో అవ్వా."

"ఎండకాలం బాయి ఎండుతదా?"

మధుకర్ చూపంతా రోడ్డు మీదే ఉంది.

ఉండదా మరి. డెబ్బై ఎనిమిది జూన్ అది. ఊరి బయట కొత్తగా పెట్టిన ఆ కాలేజీకి మధుకర్ లెక్చరర్, హాస్టల్‌కు వార్డెన్, అవసరం పడితే గోడలకు సున్నం వేసేదీ అతనే. శనివారంలోగా ఇరవై పేర్లు రాకపోతే హాస్టల్ బంద్ అని ప్రిన్సిపాల్ తేల్చేశాడు. హాస్టల్ పోతే మధుకర్ ఉద్యోగమూ పోతుంది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతపడి ఒక ఏడాది, ఆ తర్వాత కొలువు కోసం తిరిగి తిరిగి నాలుగేళ్లు పోగొట్టుకున్నవాడికి ఇంకోసారి రోడ్డున పడే ఓపిక లేదు.

ఇప్పటిదాకా చేరింది ఎనిమిది మంది. కొత్తగూడ అడవిలోని నాలుగు తండాల్లో పదో తరగతి పాసైన పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారని విని, ఆ తండాల పెద్ద, నాయక్ హీర్యాకు ఉత్తరం పంపాడు. ఒక్కసారి వచ్చి కాలేజీ చూసి, నచ్చితేనే పిల్లల్ని పంపండి అని.

"బేస్తారం వచ్చి చూస్తం" అని కబురొచ్చింది.

ఇవాళే ఆ గురువారం.

ముందు గోడకు సున్నం వేశాడు. ఉన్న మూడు మైక్రోస్కోపులూ తుడిచి కిటికీ దగ్గర పెట్టాడు. ప్రిన్సిపాల్ గదిలోంచి చేతుల కుర్చీ మోసుకొచ్చి వరండాలో వేసి, దాని మీద కొత్త తువ్వాల పరిచాడు. బంతిపూల దండ తెప్పించాడు. పొద్దుటి నుంచి గేటుకూ వరండాకూ తిరుగుతూనే ఉన్నాడు.

"సారూ, గీమె పప్పు గిన్నెల గంటె పెట్టింది సూడుండ్రి," అని వంట చేసే యాకమ్మ లోపలి నుంచి పిలిచింది.

మధుకర్ పోయేసరికి ముసలామె గంటెడు పప్పు ఎత్తి, ధార ఎట్లా పడుతుందో చూస్తోంది. అక్కణ్నుంచి పిల్లలు పడుకునే గదిలోకి నడిచింది. మంచం మీద కూర్చుని నులక గుంజి చూసింది.

"జరమొస్తె ఎవలు చూస్తరు?"

"దవాఖాన ఉందవ్వా."

"ఎంత దూరం?"

"దగ్గర్నే. నాకు పనుంది, జర పో."

"మా మాట మాట్లాడితె ఈడ నవ్వుతరా?"

ఆ మాటకు మధుకర్ ఆగాడు. డిగ్రీలో తను "గట్ల" అన్నప్పుడల్లా కోస్తా నుంచి వచ్చిన పిల్లలు ఇకిలించేవాళ్లు. ఆ సంగతి చెప్పాలంటే అతని దగ్గర చాలా ఉంది. చెప్పబోయాడు కూడా. అంతలో బస్సు హారన్ వినబడేసరికి అన్నీ వదిలేసి గేటుకు ఉరికాడు.

బస్సు ఆగకుండా పోయింది.

తిరిగొచ్చి చూస్తే ముసలామె వరండాలో, ఆ చేతుల కుర్చీలోనే కూర్చుని ఉంది. తువ్వాల నలిగిపోయింది.

మధుకర్‌కు ఒళ్లు మండింది.

"లే అవ్వా, లే. అది నాయక్ కోసం వేసిన కుర్చీ."

"నాయక్ వస్తడని నీకెవలు చెప్పిండ్రు కొడుకా?"

"అవన్నీ నీకెందుకు? ఊళ్లె కూసోను నీకు జాగనే దొరకలేదా?"

ఆమె లేచింది. నలిగిన తువ్వాలను అరచేత్తో సాపు చేసింది. కుండలోంచి దోసెడు నీళ్లు తాగి, గేటు దాటి వెళ్లిపోయింది.

మధుకర్ తువ్వాల దులిపి మళ్లీ పరిచాడు.

ఒంటిగంట బస్సు వచ్చింది. రెండున్నర బస్సు వచ్చింది. దండ వాడిపోయింది. నాలుగింటికి పూల్‌సింగ్ ఒక్కడే దిగాడు. తండాకు ఉత్తరం తీసుకుపోయిన మనిషి అతనే.

"నాయక్ ఏడి పూల్‌సింగ్?"

"నాయక్ రాడు సారూ. నేను యూరియా బస్తా కోసం వస్తుంటె గూడూరుల మోతీబాయి కలిసింది. సారు పాపం పొద్దటి సంది ఎదురుచూస్తుండు, పోయి చెప్పు అన్నది."

"ఏం చెప్పమన్నది?"

"నీళ్లు తియ్యగున్నయంట. పప్పు చిక్కగుందంట. మంచాలు గట్టిగున్నయంట."

మధుకర్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"మరి పిల్లలు ఎప్పుడొస్తరు?"

పూల్‌సింగ్ తల గోక్కున్నాడు.

"రారు సారూ. అన్నీ మంచిగనే ఉన్నయి గని, మనోళ్లను కూసోనియ్యరు, ఆడ దిగొద్దు అన్నది."

"మోతీబాయి అంటే..." అన్నాడు మధుకర్.

"మా తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట తిరిగిన్నాడు, తండా ఎక్కడన్న దిగాల్నంటె ముందుగాల ఒకరు పోయి నీళ్లు, గడ్డి చూసొచ్చేటోళ్లు. ఎవలో చెప్పుకోరు సారూ, చెప్తె సున్నమేసిన దిక్కే చూపిస్తరు గద. గిప్పుడు ఎడ్లు లెవ్వు గని, మా నాలుగు తండాలకు చూసొచ్చేది ఇప్పటికీ మోతీబాయే. ఆమె మాటకు నాయక్ సుత ఎదురు చెప్పడు."

పూల్‌సింగ్ వరండా వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు.

"మీరు కుర్చీ వేసింది ఆమెకే సారూ."