అనీష్ రాసినట్టే

"మా ప్రేమ పుర్రె బొమ్మ పెట్టింది. ఏంటమ్మా దీనర్థం?" అంటూ కుసుమకుమారి ఫోన్ చేతికిచ్చింది.

ఫైజా చూసింది. "నవ్వు ఆంటీ. నవ్వి నవ్వి చచ్చానని."

"నవ్వడానికి పచ్చ మొహాల బొమ్మలున్నాయిగా?"

"అవి పెద్దవాళ్లు పెడతారు. మా వయసు వాళ్లు పెట్టరు."

ఫోన్ అనీష్‌ది. అనీష్ లేడు. పోయిన నెల ఇక్కడ గల్ఫ్‌లో, జెబెల్ అలీలో ఆఫీసు వదిలి ఇంటికి వస్తుంటే అతని కారుని ట్రక్కు గుద్దింది. దహనం అయ్యాక ఇంటికొచ్చి కుసుమకుమారి స్నానం చేసింది. కుక్కర్ పెట్టింది. ఎప్పటిలాగే ముగ్గురికి బియ్యం పోసింది. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

విశాఖలో ఉన్న కూతురు ప్రేమకి మాత్రం చెప్పలేదు. ప్రేమకి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు.

"కానుపయ్యేదాకా అమ్మాయి చెవిన పడకూడదు వదినగారూ. కడుపుతో ఉన్నదానికి చావు కబురు చెప్పరు" అని వియ్యపురాలు నాగరత్నమ్మ ఆ రోజే ఫోన్‌లో అంది. అల్లుడు సుజిత్‌దీ అదే మాట.

కానీ అక్కా తమ్ముళ్లకి రోజూ మెసేజీలు పెట్టుకోవడం అలవాటు. కర్మలు ముగిసేలోపే అనీష్ ఫోన్‌కి ప్రేమ నంబరు నుంచి వచ్చింది, "బ్రో ఉన్నావా గాయబా" అని.

జవాబు లేకపోతే అనుమానపడుతుంది. కుసుమకుమారి కూర్చుని రాసింది. "బాగున్నానక్కా. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. నువ్వు వేళకి భోజనం చేయి." పంపబోయి ఎందుకో ఆగింది. అనీష్‌తో కలిసి పనిచేసిన ఫైజాని ఇంటికి పిలిచింది.

ఫైజా నెల్లూరు పిల్ల. చదివి తల అడ్డంగా ఊపింది.

"అనీష్ రాసినట్టు లేదాంటీ. లీవ్ లెటర్‌లా ఉంది. ముందు ఆ చుక్కలు తీసేయండి."

"వాక్యం చివర చుక్క లేకపోతే ఎట్లా?"

"ఉంటే కోపమొచ్చిందనుకుంటారు. 'అక్కా' కూడా వద్దు. అక్కని బ్రో అంటాడు వాడు."

"అక్కనా?"

"నన్నూ అంతే. ఆఫీసులో ముదీర్‌ని, అదే మా మేనేజర్‌ని కూడా ఒకసారి బ్రో అని తిట్లు తిన్నాడు."

కుసుమకుమారి డిగ్రీలో తెలుగు చదువుకుంది. పిల్లలు పంపే మెసేజీల్లో తప్పులు దిద్ది వాళ్లకే తిప్పి పంపేది. ఇప్పుడు ఆ తప్పులే శ్రద్ధగా నేర్చుకుంది. తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో కుదించడం. మాట సగంలో వదిలేయడం. పని ఎక్కువైందంటే 'బతుకు బస్టాండ్'. వెళ్లొస్తానంటే 'యల్లా బై'.

ప్రేమ ఫోన్ చేయడం లేదు. డాక్టరు విశ్రాంతి తీసుకోమందని, పడుకుందని సుజిత్ చెబుతున్నాడు. అదే నయమనిపించింది. వేళ్లయితే చెప్పినట్టు వింటాయి. గొంతుని నమ్మలేం.

"ఇప్పుడు దీనికేం పెట్టను?" అంది, పుర్రె బొమ్మ వంక చూస్తూ.

"నేనూ డెడ్ అని పెట్టండి" అనేసింది ఫైజా. అన్నాక నాలిక కరుచుకుంది. "వద్దులే ఆంటీ. వేరేది పెడదాం."

"వాడైతే ఏం పెట్టేవాడు?"

"అదే" అంది ఫైజా.

కుసుమకుమారి ఒక్కో అక్షరమే నొక్కి ఆ మాటే రాసింది. పంపింది. ఏమీ అనిపించలేదు. పక్క ఫ్లాట్‌లో ఎవరో మిక్సీ వేస్తున్నారు. అది ఆగేదాకా వింటూ కూర్చుంది.

"అక్క కూడా మీలాగే అయిపోయిందాంటీ. టైపింగ్ అని వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఇదివరకు లంచ్‌లో వీడి ఫోన్ మోగుతూనే ఉండేది. మేం తిట్టుకునేవాళ్లం."

"ఏడో నెల కదమ్మా. ఆయాసంగా ఉంటుంది."

ఈసారి ఫైజాని అడగకుండా తనే రాసింది. "మన బుల్లి డాన్ ఏం చేస్తున్నాడు బ్రో".

ఫైజా తొంగి చూసింది. "వల్లాహ్, వాడు రాసినట్టే ఉందాంటీ" అంది మెల్లగా.

అటునుంచి చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది, "తన్నుడే తన్నుడు బ్రో ఫుల్ ఫుట్‌బాల్".

కుసుమకుమారి దాన్ని రెండుసార్లు చదివింది. లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకున్న భర్త దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, బిడ్డ బాగా తంతున్నాడట."

జగన్మోహనరావు ఇటు తిరిగాడు. ఫోన్ తీసుకుని ఆ ఒక్క వరుసా చదివాడు. లేచి కూర్చుని, "కాస్త టీ పెడతావా?" అన్నాడు. తనంతట తను ఏదైనా అడగడం ఈ నెలలో ఇదే మొదలు.

"కానుపయ్యేదాకా రాయగలనండీ" అంది ఆమె. "వచ్చేసింది నాకు."

విశాఖలో సుజిత్ ప్రేమ ఫోన్ పక్కన పెట్టాడు. తమ్ముడి కబురు ఎలాగో తెలిసిన ఆ రాత్రే బిడ్డ దక్కలేదని, అప్పట్నుంచి ప్రేమ ఎవరితోనూ మాట్లాడటం లేదని అత్తగారికి చెప్పడానికి నోరు రాక, మొదటి మెసేజీ నుంచీ అన్నీ అతనే రాస్తున్నాడు.