రాతిమైదానంలో శనివారం

“ఈ బురద మీది కాదంటారా?”

నగరపాలక సంస్థ ఇన్‌స్పెక్టరమ్మ గొడుగు కొనతో కిందికి చూపించింది. భవనం కడుతున్న స్థలంలోని మట్టిగుట్ట వానకు జారి, రేకుల కంచె కిందినుంచి పాక్కుంటూ వచ్చి, పక్కనే ఉన్న రాతిమైదానంలో సగందాకా కాళ్లు చాపుకుని పడుకుంది.

“వాన పని మేడమ్,” అన్నాడు సైట్ ఇంజనీరు.

“గుట్టమీద టార్పాలిన్ పట్టా కప్పమన్నాం. కంచె అడుగున మట్టిని ఆపే గుడ్డ పాతమన్నాం. అవేవీ?”

“దారిలో ఉన్నాయి మేడమ్.”

“పోయిన నెలా దారిలోనే ఉన్నాయి. అదేం నడకండీ వాటిది?”

ఇంజనీరు తల గోక్కున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మకు నవ్వు రాలేదు. ఊరి నడుమ రాళ్లు పరిచిన ఆ మైదానంలో ప్రతి శనివారం సాయంత్రం రికార్డుల తాతయ్య పాతపాటలు వేస్తాడు. బల్లమీద రికార్డు ప్లేయరు, రెండు స్పీకరు పెట్టెలు, చుట్టూ ఆడేవాళ్లు. అంతే కార్యక్రమం. కానీ రాళ్లమీద బురద ఉంటే జనం జారిపడతారు కాబట్టి కార్యక్రమం రద్దు చేయాలన్నది రూలు. వరసగా మూడుసార్లు రద్దయితే శనివారం సాయంత్రాలు మైదానం ఇంకొకరికి పోతుంది. రెండు శనివారాలు బురద మింగేసింది. ఇవాళ మూడోది. ఆ సాయంత్రాల కోసం ఒక ఫోన్ల కంపెనీ నోరు తెరుచుకుని కూర్చుంది.

తాతయ్య అప్పటికే వచ్చి బురద అంచున నిలబడి ఉన్నాడు.

“తాతయ్యా!” అని ఇన్‌స్పెక్టరమ్మ వెనకనుంచి పిలిచింది. ఆయన తిరగలేదు. కోపంగా ఉన్నాడనుకుంది. ఉండడా మరి! చినుకులు మొదలైతే గొడుగు విప్పుకుని, చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడింది.

“ఆ గొడుగు కాస్త ఎత్తమ్మా. మొహం కనపడకుండా మాట్లాడితే నాకు చిరాకు.”

ఎత్తింది. “ఇవాళ్టికి లైబ్రరీ హాల్లో పెట్టుకోండి తాతయ్యా. అక్కడ పాట చక్కగా వినిపిస్తుంది. ఇక్కడ చూడండి, ఆ డ్రిల్లింగ్ మిషను రొద.”

“హాల్లో కుర్చీలు నేలకు బిగించేశారు. అందరూ చేతులు కట్టుకుని కూర్చుంటారు. కాలు కదిపేవాడు ఉండడు. నాకు వద్దమ్మా.”

ఇంజనీరుకు బేరం తోచింది. అతనూ ముందుకొచ్చాడు. “పోనీ తాతగారూ, సాయంత్రం మిషను ఆపించేస్తాను. బురద సంగతి సోమవారం చూసుకుందాం.”

“మిషను నీ ఇష్టం వచ్చినంతసేపు ఆడించుకో నాయనా. బురద తీయించు.”

ఇంజనీరు నోరెళ్లబెట్టాడు. రొద ఆపమని తిట్టినవాళ్లే గానీ ఆడించుకోమన్నవాడు అతనికి ఇంతవరకు తగల్లేదు.

కార్యక్రమం రద్దని ఒక్క మాట రాసేసి ఇన్‌స్పెక్టరమ్మ చేతులు దులుపుకుని వెళ్లిపోవచ్చు. చెయ్యి రాలేదు. ఆమె ఆట నేర్చుకున్నది ఈ రాళ్లమీదే. శనివారం సాయంత్రం నాన్న వర్క్‌షాపు నుంచి నేరుగా తీసుకొచ్చేవాడు. తన బూట్లమీద ఆమె చిన్నిపాదాలు నిలబెట్టుకుని, “పట్టుకోవే, జారిపోతావ్,” అంటూ గుండ్రంగా తిప్పేవాడు. చొక్కా నిండా మిషన్ ఆయిల్ వాసన. బల్ల వెనక అప్పుడు కూడా ఈ తాతయ్యే. జుట్టు మాత్రం నల్లగా ఉండేది. నాన్న ఇప్పుడు లేడు. ఉన్న ఈ కాసిని రాళ్లనూ తన చేత్తోనే ఫోన్ల కంపెనీకి అప్పగించాలంటే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది.

“ఇంజనీరుగారూ, పని ఆపమని నోటీసు ఇవ్వనా, పట్టా కప్పిస్తారా?”

“మేడమ్, మరీ అంత...”

“సాయంత్రం లోపల.”

దారిలో ఉన్న సరుకంతా చిత్రంగా మధ్యాహ్నానికే దిగిపోయింది. గుట్టమీద పట్టా పడింది. కంచె పొడుగునా గుడ్డ లాగి కట్టి, అడుగు భాగం మట్టిలో పాతారు. లారీ చక్రాలు బురద మోసుకురాకుండా గేటు దగ్గర కంకర పోశారు. మైదానంలో బురదను కాలవలోకి తోసెయ్యబోతే ఇన్‌స్పెక్టరమ్మ అడ్డుపడి, పారలతో ఎత్తించి లోపలికే పంపింది. భోజనం మాట కూడా మరిచి అక్కడే నిలబడింది. తాతయ్య ఎవరు వారించినా వినకుండా చీపురు పట్టాడు.

సాయంత్రానికి రాళ్లు కడిగిన పళ్లాల్లా ఉన్నాయి. వాన కూడా మొహమాటానికి ఆగింది. జనం వచ్చారు. ఇంజనీరు తాతయ్య మాట పట్టుకుని మిషను ఆపించనే లేదు. అది ఒక పక్క గుర్రుగుర్రుమంటూనే ఉంది.

తాతయ్య మొదటి రికార్డు వేసి, స్పీకరు పెట్టెమీద అరచెయ్యి ఆనించి చూసి, తలాడించి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు. జంటలు కదిలాయి. పిల్లలు గెంతారు. ఎవరో పెద్దావిడ ఇంజనీరును రెక్క పట్టుకుని లాగింది. కాసేపటికి ఒక రికార్డు అరిగినచోట పడి అన్నమాటే అంటూ కూర్చుంది. ఆడేవాళ్లు పగలబడి నవ్వుతూ, కావాలనే వేసిన అడుగే వేశారు. తాతయ్య ఆ పాదాలకేసి చూసి, తనూ నవ్వి, అప్పుడు తీరిగ్గా ముల్లు ఎత్తాడు. వాళ్ల సరదా చెడగొట్టడం ఇష్టంలేక ఆగాడనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. తరవాత, చిన్నప్పుడు నాన్న తనను తిప్పిన పాట వచ్చింది. ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఒక్కతే గుండ్రంగా తిరిగింది. కళ్లు తుడుచుకుని, రికార్డులు అందిస్తున్న తాతయ్య భార్య పక్కన వచ్చి కూర్చుంది.

“వచ్చేవారం ఆ మిషను నేనే ఆపిస్తాను బామ్మగారూ. తాతయ్య మొహమాటపడ్డారు. ఈ రొదలో ఆయనకు ఒక్క పాటైనా సరిగ్గా వినపడి ఉండదు.”

బామ్మగారు భర్తకేసి చూసింది. ఆయన చూపు ఆడేవాళ్ల పాదాలమీదే ఉంది.

“మొహమాటం కాదమ్మా,” అందావిడ.

“ఆయనకు చెవులు పోయి చాలా ఏళ్లయింది.”