వంటగదిలో తుపాకి కన్నం

జపాను యుద్ధం నాటి కాపలా గది ఈ తీరాన ఎక్కడున్నా వాసన చూసి చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడా పని సర్కారు ఎగరేసే ఇనప గద్దలు చేస్తున్నాయి. ఇళ్ల గోడల్లో కలిసిపోయిన పాత కట్టడాన్ని ఆకాశంలోంచే పసిగట్టి ముంగిట వాలతాయి. ఇక అది సర్కారుది. అందులో ఉన్నవాళ్లు మూడు రోజుల్లో ఖాళీ చేయాలి.

మొన్న ఒకటి మా ఇంటికీ, పక్కనే ఎండుచేపలమ్ముకునే పోలమ్మ కొట్టుగదికీ నడుమ ముంగిట్లో వాలింది. రెండు గోడలూ అంటుకునే ఉంటాయి.

"పెద్దవారు మీరే చెప్పండి, ఏది పాతది?" అని గద్ద మర్యాదగా అడిగింది.

"ఆ చేపల గదే. మా తాత అందులోంచే మూడు విమానాలు కూల్చాడు," అన్నాను.

గద్ద నమ్మి, ఆ తలుపుకి ఎర్రరంగు కొట్టి పోయింది.

పోలమ్మ గంపలు బయటికి మోసుకుంటూ, "ఏటి బావా, కాకిని తోలడం రాని మీ తాత ఇమానాలు కూల్చీసినాడా? వానొస్తే ఈ చేపలెక్కడెట్టీది?" అంది.

నాకు తలెత్తబుద్ధి కాలేదు. వాసనా లేదు, పాడూ లేదు. నాకు తెలిసిన పాత గోడ ఒక్కటే, మా వంటగదిది. అందులోని తుపాకి కన్నంలోంచే ముప్పై ఏళ్లుగా మా పొయ్యి పొగ పోతోంది.

మర్నాడు గద్దని పిలిచి ఆ కన్నం చూపించాను. రంగు మా తలుపుకి మారింది. పోలమ్మ నవ్వి, "పోన్లే బావా, మీ పొయ్యి మా వాకిట్లో ఎట్టుకోండి," అంది.

ఇందులో నేను అల్లింది ఆ చివరి మాటే. ఆవిడ నవ్వనూ లేదు, పలకనూ లేదు. గంపలు లోపలికి మోసుకుంటుంటే నేనొక చెయ్యి వేయబోయాను. గంపని అవతలికి తిప్పుకుంది.