నాలుగు వేళ్ళ గుడ్డ

చీరాలలో ఇంటింటికీ కొలతలు తీసి తనే బట్టలు కుట్టిచ్చే కుట్టుపెట్టె వచ్చాక, టైలరు మస్తాను కొట్టుకు వచ్చేది వజ్రమ్మ ఒక్కతే. చిన్నతనంలో వెన్నెముకకు టీబీ సోకి, పూసలు పుచ్చిపోయి, ఆమె వీపు మీద గూని లేచింది. పెట్టె ముందు నిలబడితే "నిటారుగా నిలబడండి" అంటూ అది మొరాయించేది. మస్తాను మాత్రం టేపైనా తీయకుండా, వీపు దగ్గర నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలి కుట్టేవాడు. మొదటి జాకెట్టు తొడుక్కుని, "ఎక్కడా పట్టెయ్యలేదే!" అని ఆమె నవ్వడం అతనికింకా గుర్తే.

నిరుడు ఆస్పత్రివాళ్ళు ఆమెకు కొత్త పూసలు పెంచి అమర్చారు. ఇక రాదులే అనుకుని మస్తాను కత్తెరకు నూనె రాసి దాచేశాడు.

మొన్న పొద్దున గుమ్మంలో ఎవరో నిటారైన మనిషి. గొంతు వింటేగాని పోల్చుకోలేకపోయాడు.

"ఏం భాయ్, మర్చిపోయావా? జాకెట్టు గుడ్డ తెచ్చా."

"ఇప్పుడు పెట్టె కుడుతుంది కదక్కా?"

"కుడుతుందిలే. అన్నం తిన్నావా అని అడగదుగా!"

సాయంత్రానికి కుట్టిచ్చాడు. తొడుక్కుంటే వీపు దగ్గర గుడ్డ ఖాళీగా ఉబ్బి వేలాడింది. మస్తాను నాలిక్కరుచుకున్నాడు.

"చేతి అలవాటక్కా! ఇటియ్యి, విప్పి కుడతా."

వజ్రమ్మ చెయ్యి వెనక్కి పెట్టి ఆ ఉబ్బును మెల్లగా తడిమింది.

"వద్దులే భాయ్. అరవై ఏళ్ళు మోశాను. దాని చోటు దానికుండనీ."